మా చట్టంలో లేని ఇద్దరు

సర్వీసులో మీరెప్పుడైనా భయపడ్డారా సార్ అని ఈ మధ్య ఒకమ్మాయి అడిగింది. సాంఘిక సంక్షేమ శాఖలో, నేను చేసిన ఉద్యోగంలోనే కొత్తగా చేరింది. భయపడని రోజు చెప్పమంటే ఆలోచించుకోవాలి గానీ, భయపడ్డ రోజులకేం తక్కువమ్మా అన్నాను. ఆమె నవ్వింది. నాకు మాత్రం ఒక పోలీసు స్టేషను వరండా కళ్ళముందుకొచ్చింది. ఇన్నేళ్ళ తరవాత కూడా. ఆ సంగతి ఆమెకు అక్కడ చెప్పలేకపోయాను. కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చిన పిల్లలు చదువుతారని ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను. ఊరి పేరూ రాయను. గురజాల నుంచి మాచర్ల పోయే వైపు, నాపరాళ్ళ ఫ్యాక్టరీలున్న ఊళ్ళలో ఒకటి అనుకోండి.

ఎనభైల చివర. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. నా ఆఫీసు గురజాలలో. హాస్టళ్ళ తనిఖీ, స్కాలర్‌షిప్పులు రోజువారీ పని. దాంతోపాటు పౌరహక్కుల రక్షణ చట్టం కోసం ఊళ్ళు తిరగాలి. అంటరానితనం పేరుతో హోటల్లో గానీ టీ బంకులో గానీ మంగలి షాపులో గానీ ఎవరినైనా కాదంటే నేరమని చెప్పాలి, వినకపోతే పోలీసుల చేత కేసు పెట్టించాలి. నేనూ ఎస్సీ వాడలోంచి వచ్చినవాణ్ణే. కొత్త ఊళ్ళో టీ బంకు ముందు నిలబడితే అధికారినన్న ధైర్యం కంటే చిన్నప్పటి వణుకే ముందు వచ్చేది.

నాతోపాటు మా సీనియర్ అసిస్టెంటు వచ్చేవాడు. పెదకూరపాడు మనిషి, నాకంటే వయసులో పెద్ద. ఉద్యోగుల సంఘం మీటింగుల్లో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. తనకు భయమంటే తెలియదని చెప్పుకునేవాడు. పాపం, అది నిజమే.

ఒక ఉదయం ఆ ఊరి బస్టాండు పక్కన టీ బంకు దగ్గర ఆగాం. గ్లాసులన్నీ నీళ్ళ బకెట్ పక్కన బోర్లించి ఉన్నాయి. ఒక్క గ్లాసు మాత్రం బయట గుంజకు కొట్టిన మేకుకు, మెడకు తాడు కట్టి వేలాడుతోంది. మావాడి కళ్ళు మెరిశాయి.

"ఇదెవరికి?" అన్నాడు.

"ఉందిలే సార్," అన్నాడు బంకు అతను.

"ఉందిలే ఏంది? ఎవరికి విడిగా పెట్టావ్? పదండి సార్, కేసు రాద్దాం." మావాడు గ్లాసు తీసి జేబురుమాల్లో చుట్టేశాడు.

బంకు అతను బెదరలేదు. నవ్వాడు. "మీ వోళ్ళకి కాదు సార్. వాళ్ళంతా ఈ గ్లాసుల్లోనే తాగుతున్నారు. అదిగో, ఆయన్నే అడగండి."

బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన, ఎస్సీ కాలనీ మనిషే, తల ఊపాడు. "మాక్కాదయ్యా," అన్నాడు. ఆ గొంతులో ఊరట వినిపించింది. 

"మరెవరికి?"

"మోటార్ల వైండింగ్ షాపోళ్ళకి. ఆ ఇద్దరికీ. మీ చట్టంలో వాళ్ళ పేరుందా సార్?"

ఆ ఇద్దరి సంగతి అక్కడే తెలిసింది. ఒకతను నకరికల్లు వైపు మనిషి. కాలిపోయిన పంపు మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. మిరప తోటల కాలంలో రైతులు అతని షాపు ముందు బారులు తీరేవాళ్ళు. రెండో అతను సత్తెనపల్లి నుంచి వచ్చి నాపరాళ్ళ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. షాపు వెనక గదిలో ఇద్దరూ కలిసి ఉండేవాళ్ళు. బ్రహ్మచారులు, అద్దె కలిసొస్తుందని ఉంటున్నారు అనుకుంది ఊరు.

ఒకరోజు గుమాస్తా వాళ్ళ అన్న, తమ్ముడికి పెళ్ళి సంబంధం తీసుకుని వచ్చాడు. తమ్ముడు చేసుకోనన్నాడు. అన్న బతిమాలాడు, తిట్టాడు, చివరికి పట్టపగలు, భోజనాల వేళ వాళ్ళు తినే మెస్సు ముందు చెయ్యి పట్టుకుని నిలబెట్టి, వీడూ వాడూ మొగుడూ పెళ్ళాల్లా ఉంటున్నారని ఊరంతా వినేట్టు అరిచాడు. గుమాస్తా తల దించుకున్నాడు. వైండింగ్ అతను మాత్రం, కాదని ఒక్క మాట అనుంటే సరిపోయేది, అనలేదట. "ఆయన చెయ్యి వదులు," అని మాత్రమే అన్నాడట.

ఇప్పుడు మీకు ఇలాంటివాళ్ళను గురించి మర్యాదగా మాట్లాడటానికి మాటలున్నాయి. అప్పుడు మా దగ్గర ఉన్నవి తిట్లే. ఆ మధ్యాహ్నం అవన్నీ బయటికొచ్చాయి. మర్నాడు మెస్సు వాళ్ళకు మూసుకుంది. ఆ వెంటనే మంగలి షాపు, టీ బంకు, కిరాణా కొట్టు.

మెస్సు మొదట మూసుకోవడమే నాకు మింగుడు పడలేదు. ఆ మెస్సు నడిపే ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన క్రైస్తవురాలు. భర్త క్వారీలో పోయాడు. కూతుర్ని పెట్టుకుని బస్టాండులో మెస్సు తెరిస్తే, ఆమె చేతి కూడు ఎవరు తింటారని ఎగతాళి చేశారు. బోరింగు దగ్గర బిందె విసిరికొట్టారు. మా శాఖ కేసు పెట్టింది. ఆమె కోర్టులో నిలబడి వణకకుండా చెప్పింది. తరవాత అదే మెస్సులో లారీ డ్రైవర్లు, మేస్టార్లు, బ్యాంకు వాళ్ళు అందరూ తిన్నారు. మా చట్టం గెలిచిందని చూపించుకోవడానికి నాకున్న ఒకే ఒక్క చోటు అది. ఆమే రావద్దన్నాక ఇక ఊళ్ళో సిగ్గుపడేవాళ్ళెవరు?

వంటగది గుమ్మంలో నిలబడి అడిగాను. "అక్కా, ఆ ఇద్దరికీ అన్నం పెట్టనన్నావంట?"

"ఆఁ, పెట్టనన్నా." చేతిలో గరిటె కింద పెట్టలేదు.

"ఎందుకు?"

"ఎందుకో తెలవక అడుగుతన్నావా? నా బైబిలు వాక్యం ఒప్పుకోదు తమ్ముడూ. నేను ప్రార్థన చేసుకుని పొయ్యి ముట్టిస్తా. తప్పని తెలిసినాక వడ్డించలేను."

"బోరింగు కాడ నీ బిందె విసిరినోళ్ళు కూడా వాళ్ళ దేవుడి పేరే చెప్పారు."

గరిటె ఆగింది. నన్ను చూసిన చూపుకు ఒక అడుగు వెనక్కి వేశాను.

"నన్నూ వాళ్ళనీ ఒక కాటాలో ఎయ్యమాక. నన్ను నా పుట్టుకకి కాదన్నారు. నేను వాళ్ళను, వాళ్ళు చేసే పనికి కాదంటన్నా. రెండూ ఒకటెట్టా అవుద్ది?"

"వాళ్ళు కావాలని అట్టా పుట్టారంటావా?"

"ఏమో. నాకు తెలవదు. నీకు తెలుసా?"

నాకూ తెలియదు. ఆ రోజుల్లో నిజంగానే తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ మేకుకు వేలాడే గ్లాసు. ఎవరి పెదవుల కోసం కట్టినా అది అదే గ్లాసు.

వైండింగ్ షాపు తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది. రెండో రెక్క మీద బొగ్గుతో ఎవరో బూతులు రాశారు. తుడిచారు, మళ్ళీ రాశారు, మళ్ళీ తుడిచారు. లోపల వార్నిష్ వాసన. రాగితీగ చుట్టలు అలాగే పడి ఉన్నాయి. మోటారు తెచ్చే రైతు లేడు. ఇద్దరూ కిరోసిన్ స్టవ్ మీద గంజి కాచుకుంటున్నారు. మమ్మల్ని చూసి గుమాస్తా లేచి గోడకు ఆనుకున్నాడు. మేము మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు తలుపు మీదే ఉంది. రేకుల మీద కాకి వాలినా ఉలిక్కిపడ్డాడు. పొద్దున్నే రాళ్ళు పడ్డాయట.

వైండింగ్ అతను సూటిగా అడిగాడు. "ఎస్సీలకి గ్లాసు ఏరే పెడితే మీరు కేసు పెడతారంట గదా సార్? మాకు పెడితే?"

నేను జవాబు వెతుక్కుంటుంటే మా సీనియర్ అసిస్టెంటు అందుకున్నాడు. "హోటలనేది పబ్లిక్‌ది. డబ్బిచ్చినోణ్ణి కాదనటానికి వాడెవడు? మేమున్నాంగా."

"కేసులొద్దు సార్," అన్నాడు గుమాస్తా తలుపు వైపే చూస్తూ. "మమ్మల్ని మర్చిపోతే చాలు."

నేను కనుక్కుని చెప్తానని వచ్చేశాను. మర్నాడు గురజాల కోర్టులో మా కేసులు చూసే ప్రభుత్వ ప్లీడరు దగ్గరికెళ్ళాను. పెద్దమనిషి. విన్నాక లేచి గది తలుపు మూశాడు. ఆ మూయడంతోనే నాకు సగం అర్థమైంది.

"వీళ్ళని హోటలువాడు కాదంటే తప్పని చెప్పే సెక్షను ఒక్కటి లేదు. వీళ్ళు కలిసి ఉంటే తప్పని చెప్పే సెక్షను మాత్రం ఉంది. మూడొందల డెబ్బై ఏడు. పదేళ్ళు వెయ్యొచ్చు, యావజ్జీవం కూడా వెయ్యొచ్చు. వాళ్ళని స్టేషను మెట్లు ఎక్కనివ్వమాకయ్యా. కంప్లైంటు ఇవ్వడానికి పోయినవాళ్ళు ముద్దాయిలై బయటికొస్తారు."

ఆఫీసుకు దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. మావాడికి చెప్పాను. అతని ముఖంలో రంగు మారింది.

"సార్... నేను పొద్దున్నే వాళ్ళకి కబురు పెట్టా. ధైర్యంగా స్టేషనుకి పోయి మంగలి మీదా టీ బంకు మీదా కంప్లైంటు ఇవ్వండి, వెనక మా ఆఫీసు ఉందని చెప్పండి అన్నా."

అతను చెప్పడం పూర్తవకముందే ఫోను మోగింది. ఆ ఊరి ఎస్సై.

"మీ వాళ్ళు ఇద్దరొచ్చారు. మీ ఆఫీసు పేరు చెప్తున్నారు. వస్తారా సార్, ఒకసారి?"

గొంతులో కోపం లేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుంటూరులో మా పైఅధికారికి ఫోను చేశాను. ఆయన అటువైపు నుంచి కేకలేశాడు. "మన శాఖ పేరు అందులోకి రానిచ్చావంటే రేపు మన ప్రతి కేసులోనూ ఎదుటి ప్లీడరు ఇదే ఎత్తి చూపిస్తాడు. నువ్వు కదలొద్దు." ఆయన చెప్పింది తప్పు కాదు. ఇంకో ఊళ్ళో మంచినీళ్ళ బావి కేసు వాయిదా దగ్గరపడింది. అక్కడి ఎస్సీ కాలనీ వాళ్ళు ప్రాణాలకు తెగించి సాక్ష్యం చెప్పబోతున్నారు. నా పేరు చెడితే వాళ్ళ సాక్ష్యమూ చెడుతుంది. ఉద్యోగం పోతే నా ఇంటి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఏం చేయాలో తెలియలేదు. కానీ మా ఆఫీసు మాట నమ్మి వాళ్ళు ఆ మెట్లెక్కారు. బస్సెక్కాను. మావాడు పక్కన కూర్చున్నాడు.  దారిపొడుగునా పత్తి చేలు. నాకు ఒక్క మొక్క కనిపించలేదు. బస్సు ఎక్కడైనా చెడిపోతే బాగుండునని కోరుకున్నాను.

స్టేషను ముందు జనం. కేకలు లేవు. నిలబడి ఉన్నారంతే. ముందు వరసలో గుమాస్తా అన్న, చేతిలో కర్ర. రోడ్డు మీద కొట్లు సగం మూసి ఉన్నాయి. వరండాలో నేల మీద ఇద్దరూ చొక్కాలు లేకుండా కూర్చున్నారు. గుమాస్తా చెంప వాచింది. నన్ను చూసి వైండింగ్ అతను లేవబోయాడు. కానిస్టేబులు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

ఎస్సై నాకు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. "చూడండి సార్, మీకు గ్లాసు విడిగా పెట్టలేదు," అన్నాడు నవ్వుతూ. నేను తాగలేకపోయాను. గ్లాసు ముట్టుకోలేదు కూడా.

"వీళ్ళ కంప్లైంటు తప్పకుండా రాసుకుంటా. మంగలి రానివ్వలా, మెస్సామె అన్నం పెట్టలా. కానీ ఎందుకు పెట్టలేదో కూడా రాయాలి గదా? అది రాస్తే కేసు ఎవరి మీదకొస్తదో మీకు తెలుసు. చూసినోళ్ళు ఒక్కళ్ళు చెబితే చాలు. ఆ మెస్సామె ఒకసారి వాళ్ళ గదికి పోయిందంట. పిలిపించా."

అక్క వచ్చింది. పొయ్యి దగ్గర్నుంచే వచ్చినట్టుంది, చేతులకు పిండి. వరండాలో ఆ ఇద్దర్నీ చూసి చూపు తిప్పుకుంది. కొంగు వేళ్ళ మధ్య నలిగిపోతోంది. కోర్టులో వణకని మనిషి అక్కడ వణికింది. నాకు ఆశ పోయింది. ఆమె నమ్మకం ఏమిటో నాకు తెలుసు. నాలుగు మాటలు చెబితే చాలు, ఊరు ఆమెను నెత్తిన పెట్టుకుంటుంది, ఎస్సై సంతోషిస్తాడు, ఆమె దేవుడికీ అడ్డు ఉండదు.

"ఏం చూశావో చెప్పమ్మా. మా రైటరు రాసుకుంటాడు. వేలిముద్ర వేసి పో," అన్నాడు ఎస్సై.

"నాకు సంతకం వచ్చయ్యా."

"సరే, సంతకమే పెట్టు. ఏం చూశావ్?"

"గుమాస్తాకి జొరమొస్తే గంజి పట్టకపోయా. ఆయన పడుకోనున్నాడు. ఈయన నుదుటి మీద తడిగుడ్డ ఏస్తన్నాడు."

"ఇంకా?"

"గంజి ఇచ్చి వచ్చా."

"ఇంతేనా? మరి వాళ్ళను రావద్దని ఎందుకన్నావ్? నీ మెస్సు పంచాయతీ జాగాలో ఉంది గదా. ఆలోచించుకుని చెప్పు."

ఆమె చేతులకున్న పిండి కొంగుకు తుడుచుకుంది. బయట జనం కూడా వింటున్నారు. 

"అది నాకూ నా దేవుడికీ ఉన్న సంగతయ్యా," అంది చివరికి. "నా వాకిట్లోకి రావద్దన్నా. జైల్లో ఎయ్యమన్లా. చూడంది చూశానని రాయిస్తే రేపు ఏం మొకం పెట్టుకుని మోకాళ్ళ మీద కూసోను?"

ఎస్సై ఆమె వైపూ నా వైపూ చూశాడు. కాగితం మడిచి పక్కన పడేశాడు. "సరే. వాళ్ళని పంపించేస్తున్నా. బయట జనం సంగతి నాకు తెలీదు. పోండి." ఒక కానిస్టేబుల్ని తోడివ్వమని అడిగాను. ఖాళీ లేరన్నాడు. ముగ్గురు కానిస్టేబుళ్ళు మమ్మల్నే చూస్తూ నిలబడి ఉన్నారు.

ఇద్దర్నీ బస్సెక్కించి ఊరు దాటించడం తప్ప దారి లేదు. స్టేషను నుంచి బస్టాండు ఎంత దూరమో చెప్పలేను. మామూలు రోజు బీడీ కాలేలోపు పోవచ్చు. గేటు దగ్గర ఆగిపోయాం. అక్క ముందుకొచ్చింది.

"నా ఎనకాల రండి. పరిగెత్తమాకండి," అంది, వాళ్ళ వైపు చూడకుండానే.

ఆమె ముందు, వెనక ఆ ఇద్దరు, అటూ ఇటూ మేము. జనంలో సగంమంది ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళు. ఆమె ముఖంలోకి చూడలేక దారి ఇచ్చారు. వెనక మూసుకున్నారు. ఎక్కడో తిట్టు లేచింది. తరవాత రాయి. మావాడి కనుబొమ మీద తగిలింది. రక్తం కారుతుంటే తుడుచుకోకుండా నడిచాడు. మెస్సు దాటేచోట గుమాస్తా అన్న అడ్డం వచ్చాడు. కర్ర పైకి లేచే ఉంది. అక్క ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ధైర్యంగా నిలబడ్డానని రాసుకోవచ్చు గానీ, కళ్ళు మూసుకున్నాను.

"అన్నా," అన్న మాట వినిపించింది. గుమాస్తా. ఇంకేం అనలేదు.

కళ్ళు తెరిచేసరికి కర్ర నేలను తాకి ఉంది. అన్న ముఖం గోడ వైపు తిప్పుకుని ఉన్నాడు.

సాగర్ బస్సు కదలబోతోంది. ఇద్దర్నీ ఎక్కించాం. ఎక్కే ముందు గుమాస్తా వంగి అక్క కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. "లెగు. బస్సు పోద్ది," అంది. బస్సు మలుపు తిరిగాక ఆమె అక్కడే బల్ల మీద కూలబడింది. "తమ్ముడూ, నా కాళ్ళు ఆడటంలా."  ముగ్గురం అలాగే కూర్చున్నాం, ఊళ్ళోకి తిరిగి నడవడానికి ధైర్యం చాలక.

అక్క మెస్సు చాలాకాలం వెలవెలపోయింది. మందిరంలోనూ కొందరు మాట్లాడటం మానేశారట. ఆమె పొయ్యి మాత్రం ఆర్పలేదు. నాకు మెమో వచ్చింది, వెనకే నరసరావుపేటకు బదిలీ. బావి కేసులో సాక్షులు నిలబడ్డారు, అదొక్కటే దక్కింది. మా సీనియర్ అసిస్టెంటు కనుబొమ మీద మచ్చ ఉండిపోయింది. ఆ తరవాత ఎవరికైనా ధైర్యం చెప్పే ముందు, "మనం అడ్డం నిలబడగలమా సార్?" అని నన్ను అడిగేవాడు. ఆ ఇద్దరూ కృష్ణ అవతల ఒక టౌన్లో వైండింగ్ షాపు పెట్టుకున్నారని, బావా బావమరదులమని చెప్పుకుంటున్నారని ఒక లారీ డ్రైవరు చెప్పాడు. సంతోషించాను. ఆ వెంటనే, ఈ మాట ఇంకెవరికి చెప్పాడోనని భయం వేసింది.

కొన్నేళ్ళ క్రితం అటువైపు పనిబడి అక్కను చూడ్డానికి వెళ్ళాను. ముసలిదైపోయింది. మెస్సు కూతురు చూసుకుంటోంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉన్నట్టుండి అడిగింది.

"ఆ సెక్షను తీసేశారంట గదా? టీవీలో చెప్పారు."

"అవునక్కా. ఇప్పుడు కలిసి ఉన్నందుకు జైల్లో పెట్టరు."

"మరి నాబోటిది అన్నం పెట్టనంటే?"

"దానికి నేను చూపించగల సెక్షను ఇప్పటికీ లేదు."

అక్క వాకిలి వైపు చూసింది.

"నా వాక్యం మారలా తమ్ముడూ. అబద్ధమెందుకు చెప్పాలి. కానీ ఒకళ్ళ దయ మీద బతకటం ఎంత భయమో నాకు తెలుసు. ఆ రోజు నా కాడ ఆ దయ కాస్త ఉండబట్టి సరిపోయింది." నా వైపు తిరిగింది. "లేకపోయుంటే?"